ఐసీయూ గుమ్మం ముందు చెప్పులు

(కోవిడ్ విధుల్లో కన్నుమూసిన నర్సుల స్మృతికి అంకితమైన ఉపన్యాసం)

నంద్యాలలో ఐసీయూ ఎక్కడుందో తెలుసుకోవడానికి బోర్డు చదవాల్సిన పని లేదు. ఏ తలుపు ముందు చెప్పులు కుప్పగా పడి ఉంటే అదే ఐసీయూ. హవాయి చెప్పులు, బురద ఎండిపోయిన రబ్బరు చెప్పులు, పెళ్లికో పేరంటానికో కొన్న మడమల చెప్పులు, బడిపిల్లాడి నల్ల బూట్లు. ఎవరు ఏ పని మధ్యలోంచి లేచి వచ్చారో ఆ కుప్పే చెబుతుంది. లోపలికి పోయినవాళ్లవి అందులో కొన్నే. ఎప్పుడు పిలుస్తారో ఏమోనని ముందే విప్పేసి గోడవారగా కూర్చున్నవాళ్లవి ఎక్కువ.

తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఒకటే ప్రశ్న. "సిస్టరమ్మా, మా నాయన ఎట్లుండాడు?" జవాబూ దాదాపు ఒకటే. "సీరియస్‌గా ఉంది, డాక్టర్ గారొచ్చి చెప్తారు." తలుపు మూసుకుంటుంది.

ఆ ప్రశ్నకూ ఈ జవాబుకూ మధ్య మిగిలిపోయిన ఖాళీ మీద నలభై ఏళ్లకు పైగా పరిశోధన జరుగుతోంది. అందులో చాలా భాగం మొదలుపెట్టింది నర్సులే. ఈ ఉపన్యాసం ఆ ఖాళీ గురించి.

దీన్ని కోవిడ్‌లో పోయిన నర్సులకు అంకితం చేయడానికి కారణం ఉంది. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువ కేసులు బయటపడింది కర్నూలు జిల్లాలో. నంద్యాల అప్పటికి ఆ జిల్లాలోనే ఉంది; వేరే జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. ఆ రోజుల్లో ఐసీయూ గుమ్మం ముందు చెప్పులు మాయమయ్యాయి. లోపల మనిషి, ఎక్కడో ఇంట్లో కుటుంబం, నడుమ పీపీఈ కిట్‌లో చెమటకు తడిసి ముద్దయిన నర్సు. ప్లాస్టిక్ కవర్‌లో చుట్టిన ఫోను రోగి ముఖం ముందు పట్టుకుని "చూడు పెద్దాయనా, నీ మనవరాలు మాట్లాడతాంది" అని చెప్పింది ఆమే. ఆ పని ఆమె ఉద్యోగ నియమావళిలో ఎక్కడా లేదు. ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కలేదు. కుటుంబం కూడా చికిత్సలో భాగమేనన్న సంగతి, కుటుంబాన్ని బయటపెట్టిన ఆ కాలంలోనే అందరికీ తెలిసొచ్చింది.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు నలభయ్యో నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 40 కిలోమీటర్లు. ఈ ప్రాంతంలో ప్రాణాపాయం గురించి మాట్లాడితే ఆ దారి ప్రస్తావన రాకుండా ఉండదు. 2014 ఏప్రిల్ 23 రాత్రి ఆళ్లగడ్డ దగ్గర అక్కడి రాజకీయ నాయకురాలు శోభా నాగిరెడ్డి ప్రయాణిస్తున్న వాహనం బోల్తా పడింది. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యాన్ని తప్పించబోయి అదుపు తప్పిందని అప్పటి వార్తలు. మొదట నంద్యాల, అక్కడి నుంచి హైదరాబాదు. మరునాడు ఆమె కన్నుమూశారు. మూడేళ్లకు, 2017 మార్చి 12న, ఆమె భర్త, అప్పటి నంద్యాల ఎమ్మెల్యే భూమా నాగిరెడ్డికి ఆళ్లగడ్డ ఇంట్లో గుండెపోటు వచ్చింది. ఆళ్లగడ్డలో ప్రాథమిక చికిత్స, ఆపైన అదే దారిలో నంద్యాల. ప్రాణం నిలవలేదు. ఒకే కుటుంబం మూడేళ్ల తేడాలో రెండుసార్లు ఆసుపత్రి తలుపు ముందు నిలబడింది. వేలమంది జనం వెంట ఉన్న కుటుంబానికే తప్పని ఆ నిరీక్షణలో, రుద్రవరం నుంచో చాగలమర్రి నుంచో ఆటోలో వచ్చిన రైతు భార్య ఎట్లా నిలబడుతుందో ఊహించుకోవచ్చు.

వైద్యం మాత్రం దగ్గరికొచ్చింది, అది ఒప్పుకోవాలి. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు మొదలైంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. 2023లో నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల తెరుచుకుంది. ఒకప్పుడు కర్నూలు పెద్దాసుపత్రికో వేలూరుకో పోవాల్సిన రోగుల్లో కొందరు ఇప్పుడు ఇక్కడే వెంటిలేటర్ మీద ఉంటున్నారు. లోపలి సామాను మారింది. బయటి బల్ల మారలేదు. కొన్నిచోట్ల బల్ల కూడా లేదు.

అసలు ఐసీయూ పుట్టిందే మనిషి చేతి మీద. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడినప్పుడు, ఊపిరి కండరాలు చచ్చుబడిన పిల్లలకు బ్యోర్న్ ఇబ్‌సెన్ అనే మత్తు డాక్టరు గొంతులోకి గొట్టం వేసి రబ్బరు సంచితో గాలి కొట్టించాడు. చాలినన్ని యంత్రాలు లేవు. దాదాపు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా కూర్చుని, రోజుల తరబడి చేత్తో సంచి నొక్కారు. మరుసటి ఏడాది అదే నగరంలో ప్రత్యేక వార్డు ఏర్పడింది. చేత్తో నొక్కే అంబు బ్యాగు కూడా 1956లో డెన్మార్క్‌లోనే తయారైంది. మన దేశంలో వెంటిలేటర్ ఖాళీ లేని రాత్రుల్లో ఆ బ్యాగు కొడుకు చేతికో అల్లుడి చేతికో వచ్చిన వార్తలు పత్రికలు చదివేవాళ్లకు కొత్త కావు. అవసరం పడితే బంధువు చేతికి ఊపిరినే అప్పగించే వ్యవస్థ, మామూలు రోజుల్లో ఆ బంధువుతో ఐదు నిమిషాలు మాట్లాడలేకపోతోంది. వింతే.

1979లో నాన్సీ మోల్టర్ అనే అమెరికన్ నర్సు ఒక మామూలు పని చేసింది. ఐసీయూ రోగుల బంధువులు 40 మందిని కూర్చోబెట్టి, 45 అవసరాలు రాసిన జాబితా ఇచ్చి, ఏది ఎంత ముఖ్యమో చెప్పమంది. అంతకుముందు వాళ్లకు ఏం కావాలో నర్సులూ డాక్టర్లూ తమంతట తామే అనుకునేవాళ్లు: మంచి కుర్చీ, కాఫీ, ఎవరైనా ఓదార్చడం. బంధువులు అన్నిటికన్నా పైన పెట్టింది వేరు: ఆశ ఉందని తెలియడం. అడిగినదానికి నిజాయితీగా జవాబు దొరకడం, లోపలివాళ్లకు తమ మనిషి మీద పట్టింపు ఉందని అనిపించడం కూడా పై వరసలోనే నిలిచాయి. సొంత సుఖం అడుగుకు పోయింది. తర్వాత జేన్ లెస్కె అనే మరో నర్సు ఆ జాబితాను సానబెట్టి అయిదు గంపల్లోకి సర్దింది: భరోసా, సమాచారం, దగ్గరుండటం, ఆసరా, సౌకర్యం. ఈ ప్రశ్నావళి తర్వాత ఎన్నో దేశాలు తిరిగింది.

మోల్టర్ జాబితాను నంద్యాలకు తెచ్చి పెడితే మొదటి చిక్కు మొదటి ప్రశ్నలోనే వస్తుంది. 'బంధువు' ఎవరు? అక్కడి ఫారంలో ఒకరి పేరు రాస్తే సరిపోతుంది. ఇక్కడ సంతకం పెట్టేది పెద్దకొడుకు, డబ్బు తెచ్చేది చిన్నల్లుడు, డాక్టరుతో మాట్లాడేది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ చేసే మేనమామ కొడుకు, అదీ ఫోన్లో. నిర్ణయం చెప్పేది ఊరి నుంచి వచ్చిన పెద్దమనిషి. రోగికి ఏది గిడుతుందో ఏది గిట్టదో, ఏ మాత్ర మానేశాడో నిజంగా తెలిసిన మనిషి ఆయన భార్య. ఆమె గోడవారన కొంగు కప్పుకుని కూర్చుని ఉంటుంది. ఆమెనెవరూ అడగరు.

రెండో చిక్కు 'ఆశ' అనే మాటతోనే. మన దగ్గర ఆశ పేరుతో చెప్పే అబద్ధానికి లెక్కలేదు. "ఏం కాదులే, బాగయిపోతాడు" అని ఒకరు, "రాసి ఇస్తారా అంటే చెప్పలేం" అని మరొకరు. ఒకే పూటలో రెండూ విన్న కుటుంబం ఎవరినీ నమ్మడం మానేస్తుంది.

ఎంతసేపు మాట్లాడాలి, ఎవరు మాట్లాడాలి అనేదానికీ లెక్కలున్నాయి. 2007లో ఫ్రాన్స్‌లోని 22 ఐసీయూల్లో, బతికే ఆశ లేని రోగుల కుటుంబాలు 126 తీసుకుని ఒక ప్రయోగం చేశారు. సగం కుటుంబాలకు మామూలు మాటామంతీ. మిగతా సగానికి ఒక చిన్న పుస్తకం, పద్ధతి ప్రకారం నడిపిన సమావేశం. మామూలు సమావేశం సగటున 20 నిమిషాలు, అందులో కుటుంబం నోరు తెరిచింది 5 నిమిషాలు. పద్ధతి ప్రకారం నడిపినది 30 నిమిషాలు, కుటుంబం మాట్లాడింది 14. మూడు నెలల తర్వాత చూస్తే, ఎక్కువ మాట్లాడనిచ్చిన కుటుంబాల్లో ఆందోళన, కుంగుబాటు, పీడకలల్లాంటి బాధలు తక్కువగా కనిపించాయి. సమావేశం పెరిగింది పది నిమిషాలే. ఆ పదిలో తొమ్మిది వాళ్లకే వదిలారు.

అంతా ఇంత తేటగా తేలదు. 2018లో అమెరికాలో అయిదు ఐసీయూల్లో, 1420 మంది రోగుల కుటుంబాలను తీసుకుని, వాళ్లలో కొందరికి నర్సుల ఆధ్వర్యంలో రోజూ అండగా నిలిచే కార్యక్రమం నడిపారు. ఆరు నెలల తర్వాత బంధువుల ఆందోళన, కుంగుబాటు ఏమాత్రం తగ్గలేదు. అయితే మాట్లాడిన తీరు బాగుందని వాళ్లు మార్కులు వేశారు, రోగులు ఐసీయూలో ఉన్న కాలం 7.4 రోజుల నుంచి 6.7కు తగ్గింది. 2019లో బ్రెజిల్‌లో 36 ఐసీయూల్లో బంధువులను రోజుకు 12 గంటల దాకా లోపల ఉండనిచ్చి చూశారు. రోగి మతి తప్పి మాట్లాడటం తగ్గుతుందనుకున్నారు, తగ్గలేదు. బంధువుల ఆందోళన మాత్రం తగ్గింది. జనాన్ని రానిస్తే ఇన్ఫెక్షన్లు పెరుగుతాయన్న భయానికి అక్కడ ఆధారం దొరకలేదు. మన దగ్గర 'విజిటింగ్ అవర్స్' బోర్డు రాసినవాళ్లు ఏ లెక్క చూసి రాశారో అడిగితే జవాబు చెప్పేవాళ్లు తక్కువ.

ఇక నంద్యాల ప్రాంతానికే చెందిన ఒక సంగతి దగ్గరగా చూడాలి. పత్తి, మిరప చేలున్న చోట పురుగుమందు విషం ఐసీయూకు పాత చుట్టమే. ఆర్గానోఫాస్ఫరస్ రకం మందు ఒంట్లోకి పోతే నోట్లో, ఊపిరితిత్తుల్లో నీరు ఊరుతుంది, కనుపాప సూదిమొన అంత అవుతుంది. విరుగుడుగా అట్రోపిన్ ఎక్కిస్తారు, ఛాతీలో గురగుర ఆగేదాకా. నర్సు గంట గంటకూ నాడి, కనుపాప, చెమట, ఛాతీ చప్పుడు చూస్తూ మోతాదు సరిపోయిందో మించిందో డాక్టరుకు చెప్పాలి. మించితే ఒళ్లు కాలుతుంది, రోగి దుప్పటి పీకుతాడు, గాల్లో దేన్నో పట్టుకోబోతాడు, లేని మనుషులతో మాట్లాడతాడు. గొట్టాలు పీక్కోకుండా చేతులు కట్టేస్తారు. సరిగ్గా ఆ సమయానికి తల్లిని లోపలికి పంపితే ఆమె చూసేదేమిటి? పిచ్చెక్కిన కొడుకు, మంచానికి కట్టేసిన చేతులు. గుమ్మం దగ్గరే నిలబెట్టి, "అమ్మా, మందు వేడికి అట్ల చేస్తాండాడు, మతి పోలేదు, రెండు రోజుల్లో దిగుతాది. చేతులు ఊరికే కట్టలేదు, గొట్టం పీక్కుంటాడని. నువ్వు చెయ్యి పట్టుకుంటే కాసేపు విప్పుతా" అని చెప్పడానికి అర నిమిషం చాలు.

అదే విషంలో ఇంకో మెలిక ఉంది. మొదటి రోజు గండం గడిచి, రోగి కళ్లు తెరిచి నీళ్లడుగుతాడు. ఊరికి ఫోన్లు వెళ్తాయి, మొక్కులు మొక్కుతారు. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, కొందరిలో మెడ కండరాలు, ఊపిరి కండరాలు బలం కోల్పోతాయి. 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయకె, కరల్లియద్దె దీన్ని విడిగా గుర్తించి 'ఇంటర్మీడియట్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. దాన్ని ముందుగా పసిగట్టే పరీక్షకు యంత్రం అక్కర్లేదు. "తలకాయ దిండు మీంచి లేపు నాయనా" అని నర్సు అడుగుతుంది. నిన్న లేపిన తల ఈరోజు లేవకపోతే డాక్టరును పిలుస్తుంది, వెంటిలేటర్ సిద్ధం చేస్తుంది.

బయట ఉన్నవాళ్లకు ఈ కథ వేరేగా వినిపిస్తుంది. "నిన్న మాతో మాట్లాడినోణ్ణి ఈరోజు మిషన్ మీద పెట్టినారు, బిల్లు కోసమే." గొడవ మొదలవుతుంది, అద్దం పగులుతుంది, పోలీసు వస్తాడు. మొదటి రోజు కళ్లు తెరిచినప్పుడే, "ఈ మందుకు నాలుగో రోజు దాకా నమ్మకం లేదు, ఊపిరి మళ్లీ తగ్గొచ్చు" అని చెప్పి ఉంటే ఎన్ని గొడవలు తగ్గేవి? ఇది కొలవదగిన ప్రశ్న. పెట్టుబడి అక్కర్లేని ప్రశ్న. దీనికి తగిన చోటు పారిస్, పిట్స్‌బర్గ్ కావు; నంద్యాల, ఆదోని, గుంటూరు.

మాట పోయిన రోగి సంగతి మరొకటి. వెంటిలేటర్ గొట్టం స్వరతంత్రుల మధ్యగా పోతుంది కాబట్టి మెలకువ ఉన్నా గొంతు పెగలదు. ఈ మూగతనం మీద మేరీ బెత్ హాప్ అనే నర్సు పరిశోధకురాలు ఏళ్ల తరబడి పనిచేసింది. బొమ్మల పలక, రాత పలక, కళ్లతో అవును-కాదు చెప్పించడం, అన్నిటికన్నా ముందు నర్సులకు వాటిలో శిక్షణ. ఇంగ్లిష్ అక్షరాల పలకలో 26 గళ్లు. వేలుతో చూపిస్తే మాట తయారవుతుంది. తెలుగులో చేసి చూడండి. 'నొప్పి' అని చూపించాలంటే 'న'కు గుణింతం, 'ప'కు గుడి, కింద మళ్లీ ఒత్తు. చేయి వణుకుతున్న ముసలాయన ఆ ఒత్తు దాకా చేరేలోపు నొప్పే తగ్గొచ్చు. మనకు అక్షరాల పలక పనికిరాదు, బొమ్మలే కావాలి. ఆ బొమ్మలు మనవై ఉండాలి: చెంబు నీళ్లు, ముక్కులో గొట్టం గుచ్చుకోవడం, వీపు దురద, కూతురు వచ్చిందా, ఎద్దులకు మేతేసిందెవరు. ఆళ్లగడ్డ శిల్పుల ఊరు. అక్కడ గీత గీసే చేతులకు కొదవేమీ లేదు.

స్వీడన్‌లోని నోర్‌షాపింగ్ పట్నంలో కార్ల్ బెక్‌మన్ అనే నర్సు 1990ల తొలినాళ్లలో రోగుల పేరు మీద డైరీ రాయడం మొదలుపెట్టాడు. మత్తులో ఉన్నవాడికి ఆ రోజులు గుర్తుండవు, గుర్తున్నవి పీడకలలు. నర్సులు, బంధువులు రోజూ నాలుగు వాక్యాలు రాసి, కోలుకున్నాక చేతికిస్తారు. 2010లో ఇంగ్లండ్ నర్సు క్రిస్టీనా జోన్స్ ఆరు దేశాల్లో 352 మంది మీద దీన్ని పరీక్షిస్తే, మానసిక ఆఘాతం కొత్తగా కనిపించినవాళ్లు 13 శాతం నుంచి 5కు తగ్గారు. 2019లో ఫ్రాన్స్‌లో 35 ఐసీయూల్లో చేసిన పరీక్షలో తేడా తేలలేదు. కాబట్టి డైరీని మంత్రం అనుకోకూడదు. బంధువులకు చదువు తక్కువైన చోట అది ఫోన్లో మాట రికార్డు చేసినట్టుగా మారాలేమో, అదీ చూడాల్సిందే.

ఇదంతా చెప్పి, "ఇంత పని చేసే తీరిక నర్సుకెక్కడిది?" అన్న ప్రశ్నను దాటవేయడం మోసం. భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం ఐసీయూలో మంచానికొక నర్సు ఉండాలి. డ్యూటీ చార్టు ముందు నిలబడ్డ ఏ హెడ్ సిస్టరును అడిగినా ఆ లెక్క విని నవ్వుతుంది. లిండా ఎయికెన్ 2002లో అమెరికాలో శస్త్రచికిత్స రోగుల మీద చేసిన అధ్యయనంలో, నర్సుకు ఒక్క రోగి అదనంగా పెరిగితే నెల లోపు మరణించే అవకాశం 7 శాతం పెరిగింది. అది ఐసీయూ లెక్క కాదు. అయినా చార్టు వేసేవాళ్ల టేబుల్ మీద ఉండాల్సిన లెక్కే.

తీరికతో పాటు అలవాటు కూడా అడ్డు. మన నర్సింగ్ ఎమ్మెస్సీ థీసిస్‌లలో చాలావాటి పేర్లు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి: ఫలానా అంశంపై ఫలానా విద్యార్థుల పరిజ్ఞానం మీద స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం. పాఠం చెప్పి పరీక్ష పెడితే మార్కులు పెరిగాయని తేలుతుంది. పెరక్కేం చేస్తాయి? రోగికీ కుటుంబానికీ ఏం మారిందన్న ప్రశ్న అందులో ఉండదు. 2016లో కౌన్సిల్ క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు తెచ్చింది. రెండేళ్లు, ఎక్కువ భాగం మంచం పక్కనే. అందులో చేరినవాళ్లకు ఆ పాత అచ్చు పనికిరాదు.

మిగిలింది అందరూ గొంతు తగ్గించి మాట్లాడే విషయం. "ఇంటికి తీసుకుపోతాం." కేస్ షీటులో దానికి 'లామా' అని నాలుగు ఇంగ్లిష్ అక్షరాల పొట్టి పేరుంది, వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్లారని అర్థం. ఆ మాట వెనక అప్పు ఉండొచ్చు, ఆశ లేదని ఎవరో చెప్పడం ఉండొచ్చు, ప్రాణం సొంత ఊళ్లో, సొంత గడపలో పోవాలన్న కోరిక ఉండొచ్చు. మూడింటికీ ఒకటే ముద్ర. కోలుకునే ఆశ లేని రోగికి యంత్రాలు ఆపే విషయంలో సుప్రీంకోర్టు 2018 మార్చి 9న దారి చూపింది, 2023 జనవరిలో ఆ పద్ధతిని కొంత తేలిక చేసింది. ఆ కాగితాలు ఐసీయూ గుమ్మం దాకా వచ్చేసరికి, ఏ రాత్రయినా తలుపు దగ్గర ఉండేది నర్సే. అంబులెన్సులో ఎక్కించేటప్పుడు అంబు బ్యాగు ఎట్లా నొక్కాలో కొడుక్కి చూపించేదీ ఆమే. ఇంటికి చేరాక ఏమవుతుందో, గొంతులో గురగుర వస్తే ఏం చేయాలో, ఆ గొట్టం ఎవరు తీయాలో అతనికి చెప్పేవాళ్లున్నారా?

ఇవన్నీ ఒకేసారి తేల్చే ఉపాయం లేదు. చేయదగింది మాత్రం ఒకటుంది. ఐసీయూ తలుపు పక్కన ఒక పొడుగాటి నోటు పుస్తకం, దానికో దారంతో కట్టిన పెన్ను. నెల రోజుల పాటు, పేర్లు లేకుండా, నాలుగు గళ్లు. వేళ ఎంత. అడిగిందెవరు: భార్యా, పెద్దకూతురా, బావమరిదా. ఏమని అడిగారు, అది వాళ్ల మాటల్లోనే. 'ఎట్లుండాడు'ను 'ఆరోగ్య పరిస్థితి విచారణ'గా దిద్దకుండా. ఎవరు, ఎంతసేపు జవాబిచ్చారు. నంద్యాలలో ఒకటి, కర్నూలులో ఒకటి పెట్టి, రెండు పుస్తకాలూ పక్కపక్కన తెరవాలి. రాత్రి రెండు గంటలకు, గుమ్మం ముందు ఒక్క జత చెప్పులే మిగిలిన వేళ, మూడో గడిలో ఏముందో, నాలుగో గడిలో ఏముందో చూడాలి.